తంగేటి చెట్టును మెట్టతోటలయందును గట్లయందును పెంచు విధము

తంగేటిని గూర్చి యొక పత్రము వ్రాయుట చూచి, ఎఱుగని చెట్టా యిదియని మీలో కొందఱు నవ్వవచ్చును. ఊరి పొలిమేరలందును, బీళ్లయందును, బండిబాటల ప్రక్కలను ఎవరును విత్తకయే మొలచి, ఎవరును నీరు పోయకయే పెరిగి, వానకాలము వెనుకబడుసరికి పసుపుపచ్చని పూగుత్తులతో నిండియుండు నీ పొదను పసిబిడ్డలు సైత మెఱుగుదురు. అట్టిదానిని విత్తి పెంచుట యేమని యడుగువారికే యీ పత్రము. తనంతట మొలచునను నమ్మకముచేత దీనిని విత్తినవారు లేరు. అది మొలచుచోటు మాత్రము ఏటేట తఱుగుచున్నది.

బీళ్లు దున్నబడుచున్నవి. పట్టణముల చుట్టును చెల్కలు ఇండ్లస్థలములుగా కొలువబడుచున్నవి. బాటలు వెడల్పు చేయునపుడు ప్రక్కనున్న పొదలు వేళ్లతోగూడ పెకలింపబడుచున్నవి. తెలంగాణమున బతుకమ్మను పేర్చుటకు గునుగుపూలతోపాటు తంగేటిపూలు ముఖ్యము. 2014వ సంవత్సరమున దీనిని రాష్ట్రపుష్పముగా ప్రకటించిరి. పేరు ప్రతిష్ఠ యట్లుండగా, ఇంటి వెనుక చెల్కలో కోసికొనవలసిన పూవును అంగడిలో కట్టలుగా కొనవలసి వచ్చిన యూళ్లు ఇప్పుడు గలవు. పూవు మాట యట్లుండనిండు. వరిమడిలో తొక్కు రొట్ట, గట్టును పట్టియుంచు వేరు, నీరులేని తోటకు పచ్చదనము, ఈ మూడును ఆ పొదతో పోవుచున్నవి.

రెవిన్యూ కాగితములలో “సాగునకు పనికిరాని భూమి” యను మాటను నేను పలుమారు తెనిగించియుంటిని. ఆ భూమిని చూడబోయినచో తఱచుగా దానిపై తంగేడే యుండును. ఆ తంగేటి రొట్టతోనే క్రిందనున్న తరిపొలము పండియుండును. లెక్కలో నొకటి పనికిరానిది, రెండవది శిస్తు గలది.

గుర్తులు

శాస్త్రజ్ఞులు దీనిని పూర్వము కాసియా ఆరిక్యులేటా యనిరి. ఇప్పుడు సెన్నా ఆరిక్యులేటా యనుచున్నారు. ఆరిక్యులా యనగా లాటిను భాషయందు చిన్న చెవి. ఆకుకాడ మొదట కొమ్మను బట్టి చెవి యాకారముగల వెడల్పైన రెక్కలు రెండు రాలక నిలిచియుండును. తంగేటి నానవాలు పట్టుటకు ఇంతకంటె మంచి గుర్తు లేదు. ఆకు ఈనెకు ఇరువైపుల 8 మొదలు 12 జతల చిన్నయాకులు, జతజతకు నడుమ నొక చిన్న గ్రంథి, పూవునకు అంచులు ముడుతలు పడిన యైదు పచ్చని రేకులు, వానిపై నారింజవన్నె యీనెలు, పలుచని గోధుమరంగు చదునుకాయ, ఇవి తక్కిన గుర్తులు. చెట్టు సామాన్యముగా నాలుగు మొదలు ఆరడుగు లెత్తుండును. నరకక వదలినచో ఇంకను పెరుగును.

ఈ జాతిలోనివే కసివింద, తగిరిస. కసివింద యాకు నలిపినచో దుర్గంధము కొట్టును, జతలు తక్కువ. తగిరిసకు మూడే జతలు, అది ఒక్క వానకాలపు మొక్క. నేలతంగేడనునది సునాముఖి, విరేచనమున కుపయోగించునది, వేఱు మొక్క. విత్తనము తెచ్చువారు ఈ భేదము చూచి తేవలెను.

ఎండను ఎట్లోర్చుకొనును

ఇది హిందూదేశపు మెట్టసీమలకును, సింహళమునకును, బర్మాకును సహజమైన చెట్టు. తమిళులు ఆవారమనియు, కన్నడిగులు ఆవరికె యనియు, మహారాష్ట్రులు తరవడ్ అనియు పిలుతురు. పశ్చిమమున రాజస్థానపు ఎండుసీమలలో గూడ కానవచ్చును. ఏటికి సుమారు 24 అంగుళముల వానగల మహబూబునగరు సీమయందును, అంతకంటె తక్కువ వానగల అనంతపురమునందును ఇది మొరపునేలలలో నిశ్చింతగా బ్రతుకుచున్నది. ఎఱ్ఱచెల్క, ఇసుకదుబ్బ, కంకరనేల, రేగడి, కొంతమేరకు చౌడు, ఇన్నింటను పెరుగును. నీరు నిలుచు పల్లమొక్కటి మాత్రము దీనికి గిట్టదు.

దీని బలమంతయు తల్లివేరులో నున్నది. పైకి జానెడైనను కనబడని మొలక లోనికి సూటిగా వేరు దించుకొనును. పైనేల యెండిపోయినను లోనున్న చెమ్మను ఆ వేరు పట్టియుండును. మోడు మిగులునట్లు పైకి నరికినను మరల చిగిర్చుటకు గారణమదియే. రైతు చేయు మొదటి తప్పిదమును ఇచ్చటనే పుట్టుచున్నది. బీటిలో కంటికింపుగా నున్న పొదను చూచి, పారతో పెకలించి తెచ్చి, ఇంటిముందు నాటి, దినదినము కడివెడు నీరు పోయుదురు. పెకలించునపుడు తల్లివేరు తెగును. తెగినవేరునకు నిత్యము నీరు పోసినచో కుళ్లుట తప్ప గతిలేదు. పదిదినములలో ఆకు రాలును. “తంగేడు తోటకు లొంగదు” అని చెప్పుకొందురు. ఒక చెట్టు బీటిలో పోయినది, రెండవది తోటలో పోయినది. కాబట్టి అడవిపొదను పెకలింపకుడు. విత్తనమునుండియే పెంచవలెను, సాధ్యమైనంతవఱకు ఎచ్చట నుండవలెనో అచ్చటనే విత్తవలెను.

విత్తనము, విత్తుట

కాయలు చెట్టుననే ముదిరి, గోధుమరంగు తిరిగి, ఊపినచో గలగలమనునపుడు కోసి, నీడను ఆరబెట్టి, నలిపి గింజలు తీయవలెను. పురుగు పట్టిన గింజలను ఏరివేయుడు. ఒక్కొక్క కాయలో సామాన్యముగా పది మొదలు ఇరువది గింజ లుండును.

గింజ పైపొట్టు మిక్కిలి గట్టిది, నీటిని లోనికి రానీయదు. అడవిలో ఎండకు, వానకు, రాతినేలపై రాపిడికి మెత్తబడి మొలచుటకు నెలలో యేండ్లో పట్టును. చల్లినదంతయు మొలవలేదని గింజను దూషించి లాభము లేదు. విత్తుటకు ముందుదినము సాయంకాలము నీరు మరగించి, పొయ్యినుండి దించి, ఆ నీటిని గింజలపై పోసి తెల్లవారువఱకు అట్లే వదలవలెను. గింజలను పొయ్యిమీద నుడికింపరాదు. ఉడికినది కూరకైనను పనికిరాదు. తెల్లవారి చూచినచో కొన్ని యుబ్బియుండును, కొన్ని యుబ్బవు. ఉబ్బినవానిని ఆదినముననే విత్తుడు. ఉబ్బనివానికి మరల వేడినీరు పోయవచ్చును. లేదా కొంచెము గఱుకు ఇసుకతో కలిపి రాతిపై మెల్లగా రుద్ది నానబెట్టవచ్చును.

మృగశిర, ఆరుద్ర కార్తెలలో మొదటి మంచివాన కురిసి నేల పదునైనపుడు విత్తుట యుత్తమము. అప్పుడు విత్తిన మొక్కకు వానకాలమంతయు వేరు దించుకొనుటకు వ్యవధి యుండును. ఆలస్యము చేసినకొలది మొదటి వేసవి కష్టమగును. గుంట జానెడు లోతు, జానెడు వెడల్పు త్రవ్వి, రాళ్లు తీసివేసి, తీసిన మన్నే మరల నింపి, అరయంగుళము లోతున మూడేసి గింజలు పెట్టవలెను. పేడయెరువు అవసరము లేదు. పిడికెడు వేసినను దోషములేదు. రెండు మూడు జతల యాకులు వచ్చినపిమ్మట బలమైన మొక్క నొక్కదాని నుంచి తక్కినవానిని పెఱికివేయక గోటితో గిల్లివేయవలెను. పెఱికినచో ప్రక్కమొక్క వేరు కదలును.

లెక్కకు నూఱు గజముల గట్టు తీసికొందము. రెండడుగుల కొకటిచొప్పున నూటయేబది గుంటలు, గుంటకు మూడు గింజలచొప్పున నాలుగువందల యేబది గింజలు కావలెను. కాయకు పండ్రెండు గింజలు దక్కునని యెంచినచో నలువది కాయలు చాలును. రెండు మంచిపొదల కాయలు నూఱు గజముల గట్టునకు సరిపోవునన్నమాట. ఇంతకంటె చౌకగా ఏ కంచెయు రాదు.

సంచులలో పెంచి నాటదలచినవారు లోతైన సంచులనే వాడవలెను. సంచి యడుగునకు వేరు తగిలి చుట్టుకొనకముందే, అనగా మొలచిన రెండు మాసములలోపలనే, మట్టిబెడ్డ చెదరకుండ నాటవలెను. ఏడాదిపాటు సంచిలోనుంచిన మొక్క చూపునకు పెద్దదైనను నేలలో పెట్టినపిమ్మట గట్టున విత్తినదానికంటె వెనుకబడును.

తోటలో నుంచు విధము

ఒంటిపొదగా పూలకొఱకు పెంచునపుడు మొక్కకు మొక్కకు ఐదాఱడుగులు విడువవలెను. ఎండ పూర్తిగా తగులవలెను. మామిడిచెట్టు నీడన నాటి పూవు లేదని విచారించుట తగదు. ఏటవాలునేలయందు మొక్కకు దిగువవైపున అర్ధచంద్రాకారముగ జానెడెత్తు కట్ట వేసినచో కురిసిన వాన అచ్చటనే యింకును.

మొదటి వేసవిలో మాత్రము వారము పదిదినముల కొకసారి కడవెడు నీరు మొదట పోసి, ఎండుగడ్డిగాని ఆకులుగాని కప్పియుంచవలెను. దినమునకు చెంబెడు పోయుటకంటె పదిదినములకు కడవెడు మేలు. పైపైని తడిపినచో వేరు పైననే తిరుగును, లోతునకు పోవు నీరు వేరును లోనికి పిలుచును. రెండవ వానకాలము గడచినపిమ్మట నీటిమాట మఱచిపోవచ్చును. సామాన్యముగా పూతయు అప్పటికి మొదలగును.

కత్తిరింపు విషయమున కాలము తప్పరాదు. పూవు కొత్తచిగుళ్ల చివరలను పూయును. వేసవి చివర, తొలకరికి ముందు, పొదను మోకాలెత్తున నరికినచో వానలకు చిగిర్చి, గుబురై, భాద్రపద ఆశ్వయుజములనాటికి నిండుగ పూయును. శ్రావణములోనో భాద్రపదములోనో కంచె చక్కగా కనబడవలెనని కత్తిరించినవారు తమ పండుగపూవును తామే నరికివేసినవారగుదురు. అప్పుడు ఇరుగుపొరుగు గట్లకు పోయి కొమ్మలు విరుచుట, తగవులు వచ్చుట మన మెఱిగినదే.

పూవులో తేనె లేదు, పుప్పొడి మాత్రమే కలదు. ఆ పుప్పొడియు కేసరముల కొనలనున్న చిన్న రంధ్రములలోనుండి రావలెను. నల్లని పెద్ద తుమ్మెదలు పూవును పట్టుకొని ఝుమ్మని రెక్కల కండరములు అదరింపగా పొడి రాలును. కాయ పట్టుట ఎక్కువగా ఇట్టి యీగల వలననే. ఎండిన కఱ్ఱలలో తొలిచి కాపురముండు ఆ తుమ్మెదలను పొగబెట్టి తఱుమువారు తరువాత కాయలేదని వగచుట చూచియున్నాము. ఆకులపై పచ్చని గొంగళిపురుగులు కొన్ని కాలములలో కనబడును. అవి తెల్లని, లేతపసుపు సీతాకోకచిలుకల పిల్లలు. కొన్ని కొమ్మలను బోడిచేసినను చెట్టు చావదు, మరల చిగిర్చును. దీనికై మందు చల్లి డబ్బు పాడుచేసికొనకుడు.

గట్లమీద పొదలున్నచో పాములు చేరునని పెద్దల యభ్యంతరము. అది నిరాధారము కాదు. అందుచేత మొదలు చుట్టు జానెడు మేర కొమ్మలు తీసివేసి, క్రింద చెత్త పేరుకొనకుండ చూచుకొనవలెను. నడకబాట ప్రక్కను, కళ్లము ప్రక్కను దీనిని పెంచకుండుటయే మంచిది.

పశువులు సామాన్యముగా దీని నిష్టపడి మేయవు గనుక కావలి లేకయే కంచె నిలుచును. అయితే ముండ్లు లేని కంచె యగుటచే బలవంతముగ చొచ్చు పశువును ఇదొక్కటే ఆపలేదు. నడుమనడుమ కలబందయో, ముండ్లకంపయో చేర్చుకొనవలెను. ఆ లోపమును చూచి కొందఱు సర్కారుతుమ్మను కోరుదురు. అది యీ దేశపు చెట్టు కాదు. 1877వ సంవత్సర ప్రాంతమున అమెరికా ఖండపు విత్తనము తెప్పించి కడప మండలములో కమలాపురము ప్రాంతమున నాటించిరి. కఱ్ఱకును కంచెకును మేలని తెచ్చిన యా చెట్టు పశువుల పేడవెంట గింజ పాకి చెఱువులను, బీళ్లను, పంటపొలములను ఎట్లాక్రమించినదో మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు. తంగేడు గట్టున విత్తినచో గట్టుననే యుండును. పొలములో నొకటి రెండు మొలచినను నాగటిచాలుతో పోవును.

రొట్ట యెరువు

వరి నాటుటకు ముందు తంగేటి రొట్టను మడిలో తొక్కుట మన పూర్వుల పద్ధతి. ఇది ఇప్పటికిని విడువదగినది కాదు. అయితే దీనినిగూర్చి ఒక తప్పుడు నమ్మకము గలదు. కాయ చిక్కుడుకాయ వంటిది గనుక జనుము, జీలుగ, వేరుసెనగలవలె ఇదియు గాలిలోని నత్రజనిని నేలకు చేర్చునని కొందఱు చెప్పుదురు. జీలుగమొక్క నొకదానిని పెఱికి వేరు చూడుడు. ఆవగింజలవలె బుడిపెలు కనబడును. నత్రజనిని పట్టు సూక్ష్మజీవులు వానిలో నుండును. తంగేటివేరున అట్టి బుడిపెలు కట్టవు. కావున తంగేడున్న నేలకు దానివలన కొత్త నత్రజని రాదు. వేరు లోతునుండి తెచ్చిన సారము ఆకులో నుండును, ఆ యాకును మీరు కొట్టి వేసిన మడికి అది చేరును. గట్టునుండి మడికి మోసిన యెరువిది.

ఈ తేడా తెలిసికొనుటవలన లాభమేమన, ఏటేట మొదలంట నరికి రొట్టను కొనిపోయినచో గట్టునేల బలహీనమగును. ఒకయేడు ఒకవైపు, మఱుయేడు రెండవవైపు నరకుచు, రాలిన యాకును అచ్చటనే విడువవలెను.

ఎకరమునకు రెండు మొదలు నాలుగు టన్నుల పచ్చియాకు వేయుట మంచిది. ఒక్కొక్క పొద రెండు కిలోగ్రాముల యాకు నిచ్చునని యనుకొన్నను, రెండు టన్నులకు వేయి పొదలు కావలెను. పైని చెప్పిన నూఱు గజముల గట్టు ఎకరములో ఆఱవపాలునకైనను చాలదు. కావున తంగేటితోనే పైరు పండించెదమని తలపక, కానుగ, జిల్లేడు, జీలుగలతో కలిపి వాడవలెను. లేతకొమ్మలు, ఆకులు మాత్రమే వేయుడు. ముదురుకట్టెలో వగరు విశేషముగ నుండుటచే తొందరగా కుళ్లదు, దమ్ములో కాళ్లకు గుచ్చుకొనును. నాటుటకు రెండు మూడు వారములు ముందే తొక్కి నీరు నిలుపవలెను.

చౌడుమడులకు ఈ రొట్ట విశేషముగ పనికివచ్చును. ఆకు కుళ్లునపుడు పుట్టు బొగ్గుపులుసు వాయువు, ఆమ్లములు నేలలోని సున్నమును కరగించును. కరగిన సున్నము చౌటిలోని సోడియమును మట్టినుండి తొలగించును. తొలగినదానిని నీటితో బయటికి పంపుటకు కాలువ లేనిచో అది అచ్చటనే నిలిచి ఎండకు మరల పైకి వచ్చును. కాలువ త్రవ్వక రొట్ట మాత్రము వేసి ఫలము లేదనువారు సగము పనిచేసినవారు.

చెక్క, పూవు

తంగేటి చెక్కలో తోలును పదునుచేయు వగరు నూటికి 15 మొదలు 20 పాళ్లవఱకు గలదు. చెన్నపట్టణమునుండి ఆంగ్లదేశమునకు పోయిన పదునుచేసిన తోళ్లకు పూర్వము ఇదియే ముఖ్యసాధనము. 1914 మొదలు 1918 వఱకు జరిగిన మహాయుద్ధమున సైనికుల బూట్లకు ఆ తోళ్లు విశేషముగ పోయెను. పిమ్మట దక్షిణాఫ్రికానుండి వచ్చు వాటిల్ చెక్క చౌకయగుటచే తంగేటిచెక్క బేరము సన్నగిల్లినది. ఇప్పుడు చెక్క నమ్ముకొని దీనిని పెంచుమని మేము చెప్పము. ఎవరైన అడిగినను, నిలువుచెట్టు చెక్క నొలిచినచో చెట్టు చచ్చును. కొమ్మలను మొదట నరికి, నరికిన కొమ్మల చెక్కనే యొలువవలెను.

పూవుల కషాయము మధుమేహమునకు మంచిదని వాడుక గలదు. ఎలుకలపై చేసిన పరీక్షలలో రక్తములోని చక్కెర తగ్గినట్లు కనబడినది. మనుష్యుల విషయమున అంత గట్టి నిదర్శనము లేదు. వైద్యుడిచ్చిన మందు మాని కషాయమును నమ్ముకొనుట ప్రాణాపాయము.

బతుకమ్మ దినములలో పూవు కోయుటకు వచ్చు ఆడబిడ్డలను అడ్డగింపకుడు. కొమ్మ విరువక గుత్తిని మాత్రము త్రుంచుమని చెప్పి, మూడు పొదలలో నొకదానిని పూవు ముట్టకుండ విడువవలెను. పూవంతయు పోయిన పొదలో కాయ యుండదు. విడిచిన పొదకు ఎఱ్ఱగుడ్డ పీలిక యొకటి కట్టియుంచినచో కోయువారికి గుర్తుగ నుండును. ఆ కాయలు చలికాలమున ఎండినపుడు పగిలి రాలకముందే కోసి, గింజలు తీసి బాగుగ నెండబెట్టి, బూడిద కలిపి మూతగల కుండలో తడి తగులనిచోట నుంచినచో మృగశిరకార్తెకు సిద్ధముగ నుండును.